చుక్క ఎప్పుడు పడుతోంది?

శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే మీద వెళ్తుంటే ఒక్కోసారి విమానం, చక్రాలు స్పష్టంగా కనిపించేంత కిందుగా, తల మీదుగా దాటి రన్‌వే వైపు దిగిపోతుంది. అది ఎయిర్‌బస్ ఏ320 అయితే ఆ చక్రాలను ఎత్తేదీ దించేదీ ద్రవపీడనమే. చదరపు అంగుళానికి 3,000 పౌండ్లు, అంటే 200 బార్లకు పైచిలుకు. అంత పీడనంలో ఉన్న ద్రవాన్ని కీళ్ల దగ్గర బయటికి చిమ్మనీయకుండా పట్టి ఉంచేది, చేతిలోకి తీసుకుంటే నవ్వొచ్చేంత అల్పమైన వస్తువు: గుండ్రటి రబ్బరు వలయం. ఓ-రింగ్ అంటారు దాన్ని.

అదే హైవే పక్కన అపార్ట్‌మెంట్లలో, వంటింటి గట్ల మీద, అదే జాతి వలయాలు ఎస్ప్రెస్సో మెషీన్లలో 9 బార్ల దగ్గర చేతులెత్తేసి నీళ్లు కారుస్తుంటాయి. అక్కడ 200 బార్లను ఆపినది ఇక్కడ తొమ్మిదింటికే ఎందుకు ఓడిపోతోంది? దీనికి జవాబు దొరికితే మెషీన్ కింద చేరే మడుగుకు మందు సగం దొరికినట్టే.

మన ఫిల్టర్ కాఫీకి ఈ గొడవ లేదు. డికాక్షన్ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. ఆపాల్సిన పీడనమే లేదు కాబట్టి ఇత్తడి ఫిల్టరు వాషర్ అనే మాట ఎరగకుండా నాయనమ్మ నుంచి మనవరాలి దాకా నడిచిపోతుంది. ఎస్ప్రెస్సో పుట్టుకే పీడనం. ట్యూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో 1884లోనూ, మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లోనూ పేటెంటు తీసుకున్న యంత్రాలు ఆవిరి బలంతో నీళ్లను కాఫీ పొడిలోంచి తోసేవి. ఆవిరితో సాధించగలిగింది ఒకటి, ఒకటిన్నర బార్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకిలే గాజా స్ప్రింగు, పిస్టన్, పొడుగాటి లీవరు పెట్టిన మెషీన్లు తెచ్చాడు. పీడనం ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిది బార్లకు ఎగిసింది. కప్పు మీద బంగారు రంగు నురగ తేలడం అప్పటినుంచే. 1961లో ఫయేమా కంపెనీ ఈ61 అనే మెషీన్‌లో ఆ చాకిరీని మోటారు పంపుకు అప్పగించింది. ఇప్పుడు ఇళ్లలో ఉండే మెషీన్లలో చాలావాటికి అరచేతిలో ఇమిడే వైబ్రేషన్ పంపు ఉంటుంది. మధ్యలో స్ప్రింగు మీద ఊగే పిస్టన్, చుట్టూ రాగి కాయిల్. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందులో ఒక సగాన్ని డయోడు ఆపేస్తుంది. దాంతో పిస్టన్ సెకనుకు 50 దెబ్బలు కొడుతుంది. బటన్ నొక్కగానే వినిపించే బరబర శబ్దం అదే. డబ్బా మీద గర్వంగా అచ్చేసే '15 బార్' అనేది ఈ పంపు గరిష్ఠ సామర్థ్యం. కాఫీకి కావాల్సింది 9. ఎక్కువైనదాన్ని సేఫ్టీ వాల్వు తిరిగి ట్యాంకులోకో కింద ట్రేలోకో వదిలేస్తుంది.

తొమ్మిది బార్లంటే చిన్న సంగతి కాదు. కాఫీ పొడి నింపే గిన్నె వ్యాసం 58 మిల్లీమీటర్లయితే వైశాల్యం 26 చదరపు సెంటీమీటర్ల పైమాట. ఆ గిన్నెను, దాన్ని పట్టుకున్న పిడినీ (పోర్టాఫిల్టర్ అంటారు) కిందికి తోసే బలం సుమారు 240 కిలోల బరువుకు సమానం. చిన్న మెషీన్లలో వచ్చే 51 మిల్లీమీటర్ల గిన్నెకైనా 185 కిలోలు దాటుతుంది. దీన్నంతా మోస్తున్నవి రెండు మూడు లోహపు చెవులు. నీళ్లను ఆపుతున్నది ఒక రబ్బరు గాస్కెట్.

ఇక్కడ ఓ-రింగుకూ గాస్కెట్‌కూ తేడా తెలియాలి. చూడటానికి రెండూ రబ్బరు చుట్టలే, పని చేసే తీరు మాత్రం తలకిందులు.

ఓ-రింగు కూర్చునే గాడి దాని మందం కంటే కాస్త లోతు తక్కువగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. మూత బిగిస్తే రింగు కొద్దిగా నలిగి పైగోడనూ కిందిగోడనూ తాకి కూర్చుంటుంది. ఇది తొలి పట్టు. ఇప్పుడు పక్కనుంచి నీళ్ల పీడనం వచ్చి రింగును గాడిలో అవతలి అంచుకు నెడుతుంది. రబ్బరు ఆకారం మార్చుకుంటుందే తప్ప ఘనపరిమాణం తగ్గించుకోదు. పక్కనుంచి నెడితే పైకీ కిందికీ ఉబ్బి గోడలను ఇంకా గట్టిగా నొక్కుతుంది. నీళ్లు పది బార్లతో తోస్తే రింగు పదికి తన తొలి పట్టు కలిపి గోడను నొక్కుతుంది. రెండొందలతో తోస్తే రెండొందలకూ కలుపుతుంది. దొంగే వచ్చి తాళం బిగించి వెళ్లడం లాంటిది ఇది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో దరఖాస్తు చేసుకుని 1939లో దీనికి పేటెంటు పొందాడు. మొదట్లో దీన్ని అందిపుచ్చుకున్నది విమానాలవాళ్లే.

గాస్కెట్‌కు ఈ విద్య రాదు. పోర్టాఫిల్టర్ అంచుకూ పైనుంచి వేడి నీళ్లు వదిలే గ్రూప్ హెడ్‌కూ మధ్య అది బల్లపరుపుగా నలిగి ఉంటుంది. నీళ్ల పీడనం ఆ రెండింటినీ విడదీయాలని చూస్తుంది. మనం పిడి తిప్పి పెట్టిన బిగువే దాని మూలధనం. పీడనం పెరిగేకొద్దీ అది కరిగిపోతుంది.

ఈ తేడా నుంచి ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. గాస్కెట్ ముసలిదైతే ఎక్కువ పీడనంలో కారుతుంది. ఓ-రింగు ముసలిదైతే ముందుగా తక్కువ పీడనంలో కారుతుంది. ఏళ్ల తరబడి వేడికి కాగి కాగి రబ్బరు సాగే గుణం పోయి, నలిగిన ఆకారంలోనే గట్టిపడిపోతుంది. తొలి పట్టు పోయింది కాబట్టి మెషీన్ వేడెక్కుతున్నప్పుడు నాలుగు చుక్కలు జారతాయి; పంపు నడిచి పీడనం పెరగ్గానే రింగు అంచుకు అతుక్కుని చుక్క ఆగిపోతుంది. 'కాఫీ తీసేటప్పుడు బాగానే ఉంటోంది, ఊరికే ఉన్నప్పుడే కారుతోంది' అని జనం తల పట్టుకునే లీకుల్లో కొన్ని ఇవే. మొదట వేసుకున్న ప్రశ్నకు కూడా ఇదే జవాబు: రింగు 9 బార్ల దగ్గర ఓడిపోవడం లేదు, ఒక బారు దగ్గర ఓడిపోతోంది.

రబ్బరు జాతి కూడా చూసుకోవాలి. ఎయిర్‌బస్, బోయింగ్ విమానాల హైడ్రాలిక్ గొట్టాల్లో ఉండేది పెట్రోలియం నూనె కాదు, ఫాస్ఫేట్ ఎస్టర్ అనే తేలిగ్గా మంటపట్టని ద్రవం. దానికి తట్టుకునే రబ్బరు ఈపీడీఎం. వేడి నీళ్లకూ ఆవిరికీ కూడా ఈపీడీఎం బాగా నిలుస్తుంది కాబట్టి కాఫీ మెషీన్లలోనూ అదే విస్తారంగా వాడతారు. దాని శత్రువు పెట్రోలియం జాతి నూనెలు, గ్రీజులు. తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. మన ఇళ్లలో బిగుసుకున్న ప్రతిదానికీ వ్యాసెలిన్ రాసే అలవాటు ఉంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసేవాళ్లూ ఉన్నారు. మెషీన్ లోపలి రబ్బరుకు ఆ ప్రేమ చూపించకండి. ఆహార పదార్థాలకు పనికొచ్చే సిలికోన్ గ్రీజు పలచగా రాస్తే చాలు. రింగే సిలికోన్‌దైతే అదీ వద్దు, తడిచేసి ఎక్కించండి.

ఇక లీకును పట్టుకోవడం. అందరూ అడిగే ప్రశ్న ఎక్కడ కారుతోందని. మెషీన్ అడుగున రేకు పళ్లెం లాంటి చట్రం ఉంటుంది. లోపల ఏ మూల కారినా నీళ్లు వైర్ల వెంట, రేకు మడతల వెంట పాకి, గట్టు ఎటు వాలి ఉంటే అటువైపు కాలు దగ్గర బయటపడతాయి. మడుగు ఉన్న చోటుకూ లీకు ఉన్న చోటుకూ సంబంధం ఉండాలని లేదు. మా వైపు ఒక మిక్సీలు, కాఫీ మెషీన్లు బాగుచేసే కుర్రాడి కొట్టు ముందు ఈ మాటలు విన్నాను.

"అన్నా, మెషీన్ కిందికెళ్లి నీళ్లు కారుతున్నయ్."

"ఎప్పుడు కారుతున్నయ్ సార్? కాఫీ తీస్తున్నప్పుడా, ఊకె ఉన్నప్పుడా?"

ఎక్కడ అని అతను అడగనే లేదు. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే సగం మెషీన్‌ను అనుమానితుల జాబితాలోంచి కొట్టేశాడు.

అతని దారిలోనే వెళ్దాం. రాత్రి స్విచ్ ఆపి పడుకున్నారు, పొద్దున్నకు గట్టు తడి. లోపల పీడనం లేదు, ఉన్నది ట్యాంకులోని జానెడు నీళ్ల బరువే. కాబట్టి బాయిలరూ పంపు అవతలి భాగాలూ చాలావరకు నిర్దోషులు. ట్యాంకు అడుగున స్ప్రింగుతో మూసుకునే చిన్న వాల్వు ఉంటుంది, దాని రింగులో ఇసుక రేణువో సున్నపు పెచ్చో ఇరుక్కుని ఉంటుంది. ట్యాంకును తీసి ఖాళీ పళ్లెంలో గంటసేపు నిలబెడితే తేలిపోతుంది. ఇంకో మాట చెప్తే కోపం తెచ్చుకోవద్దు: ముందు కింది ట్రే నిండిపోయిందేమో, సరిగ్గా లోపలికి తోశారో లేదో చూడండి. రిపేరు కొట్టు దాకా వెళ్లిన మడుగుల్లో ఇవీ ఉంటాయి.

స్విచ్ వేసి వేడెక్కుతుండగా గ్రూప్ హెడ్ నుంచి చుక్కలు పడుతున్నాయనుకోండి. అది రోగం కాకపోవచ్చు. 25 డిగ్రీల నీళ్లు 93 డిగ్రీలకు చేరేసరికి దాదాపు మూడున్నర శాతం ఉబ్బుతాయి. 100 మిల్లీలీటర్ల చిన్న బాయిలర్ అయితే మూడున్నర మిల్లీలీటర్లు బయటికి రాక తప్పదు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల లెక్కన అవి 70 చుక్కలు. వేడెక్కడం పూర్తయ్యాక ఆగిపోతే వదిలేయండి. శంషాబాద్‌లో దీనికి తోడు ఇంకో చిన్న విషయం ఉంది. విమానాశ్రయం ఎత్తు సముద్రమట్టానికి 2,024 అడుగులు, అంటే 617 మీటర్లు. ఈ ఎత్తులో నీళ్లు మరిగేది 100 దగ్గర కాదు, 98 దగ్గర. సముద్రతీరపు ఊళ్లో ఊరుకునే మెషీన్ ఇక్కడ, థర్మోస్టాట్ కాస్త ఎక్కువకు పోయినప్పుడు, గ్రూప్ హెడ్ నుంచి తుప్పర్లు చిమ్ముతుంది. అది లీకు కాదు, ఆవిరి. కొంచెం నీళ్లు వదిలేస్తే సర్దుకుంటుంది.

కాఫీ దిగుతున్నప్పుడు పోర్టాఫిల్టర్ అంచు చుట్టూ గోధుమరంగు నీళ్లు కారితే గాస్కెట్. లేదా గిన్నె అంచు మీద కాఫీ పొడి మిగిలిపోయి గాస్కెట్‌కు అడ్డం పడుతోంది. లేదా పొడి మరీ మెత్తగా ఉంది. నీళ్లకు దారి లేక పీడనం తొమ్మిది దాటి పైకి పోతోంది. ముందుగా గిన్నె అంచు వేలితో తుడిచి, పొడి ఒక మెట్టు బరకగా చేసి చూడండి. పైసా ఖర్చు లేని వైద్యం.

కాఫీ ఆపగానే 'ఫుస్స్' మని ట్రేలోకి నీళ్లు దూకితే కొత్తవాళ్లు హడలిపోతారు. అది త్రీవే సోలినాయిడ్ వాల్వు తన పని తాను చేయడం. పొడి మీద మిగిలిన పీడనాన్ని అది ట్రేలోకి వదిలేస్తుంది కాబట్టే పిడి విప్పినప్పుడు తడి పొడి మొహాన చిమ్మదు.

అసలు రోగం మరోటి. మెషీన్ వేడిగా, ఊరికే ఉంది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. గ్రూప్ హెడ్ నుంచి ఆగకుండా చుక్క, చుక్క. సెకనుకో చుక్క అంటే గంటకు 180 మిల్లీలీటర్లు. ఇది ఎక్కువగా ఆ సోలినాయిడ్ పీఠం మీద చేరిన మురికే. వాల్వు విప్పితే లోపల వేలెడంత ఉక్కు కడ్డీ, దాని కొసన కందిగింజంత రబ్బరు, అది కూర్చునే ఇత్తడి గుమ్మం, గుమ్మంలో గుండుసూది తలంత రంధ్రం కనిపిస్తాయి. రబ్బరు మీద రంధ్రం అచ్చు గుండ్రంగా, సమంగా పడి ఉంటే మంచిదే. ఆ వలయంలో ఒకచోట తెల్లటి రేణువు గుచ్చుకుని ఉంటే దొంగ దొరికినట్టే. ఇసుక రేణువు కంటే చిన్నది. అది తీసి, గుమ్మం తుడిచి, రబ్బరు మరీ గుంటపడి ఉంటే కడ్డీ మార్చి బిగిస్తే చుక్క ఆగిపోతుంది. ఆవిరి గొట్టం చివర ఎప్పుడూ చుక్క వేలాడుతుంటే ఇదే కథ దాని తిప్పుడు వాల్వు దగ్గర జరుగుతోందని లెక్క. జనం దాన్ని మరింత గట్టిగా బిగిస్తారు. రేణువు ఇంకా లోతుగా దిగుతుంది.

ఆ తెల్లటి రేణువు ఎక్కడిది?

శంషాబాద్ కింద ఉన్నది దక్కను గ్రానైటు, అందులో సున్నపురాయి లేదు. అయినా ఇక్కడి బోరు నీళ్లు ఉప్పు నీళ్లే. గీజర్ విప్పితే గుల్లగుల్లగా తెల్లటి గార రాలుతుంది. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. వాన నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని నెమ్మదిగా కొరికి కాల్షియాన్ని విడదీసి, బైకార్బొనేటుగా నీళ్లతో పాటు తీసుకుపోతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ కావడంతో ఆ కాల్షియం కొట్టుకుపోకుండా నేలలోనే సున్నపు గులకలుగా పేరుకుని, మళ్లీ కరిగి బోర్లలోకి దిగుతుంది. 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ కూతవేటు దూరంలోనే ఉన్నా, చుట్టుపక్కల చాలా అపార్ట్‌మెంట్లు నల్లా, బోరు, ట్యాంకరు కలగలిపి సంపులో పోసుకుంటాయి. సోమవారం నీళ్లూ శుక్రవారం నీళ్లూ ఒకటి కావు.

బైకార్బొనేటు నీళ్లను వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. పంచదార లాంటివి వేడి నీళ్లలో బాగా కరుగుతాయి. ఇది అడ్డం తిరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ కరగనంటుంది. అందుకే అన్నిటికన్నా వేడిగా ఉండే హీటరు మీదే పొర కడుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే దిక్కు లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. 400 ఉన్న నీళ్లను రోజుకు లీటరు చొప్పున వాడితే ఏడాదిలో 146 గ్రాముల సున్నపు సరుకు మెషీన్‌లోంచి ప్రయాణిస్తుంది. అంతా అక్కడే దిగిపోదు. కానీ వాల్వు గుమ్మాన్ని చెడగొట్టడానికి గ్రాములు అక్కర్లేదు.

ఈ నీళ్లలో ఒక మేలు లేకపోలేదు: కారిన చోటల్లా సంతకం చేసి పోతాయి. మెషీన్ మూత తీసి టార్చి వేసి చూస్తే పాత లీకు ఉన్న కీలు దగ్గర తెల్లటి చార, మొదట్లో సన్నగా, కిందికి వెడల్పుగా కనిపిస్తుంది. చార మొదలైన చోటే లీకు. మడుగులోని నీళ్లు ట్యాంకువో, ఆవిరి చల్లబడి చేరినవో తెలియకపోతే, ఒక చుక్కను శుభ్రమైన గాజు మీద ఆరబెట్టండి. తెల్లటి రింగు మిగిలితే ట్యాంకు నీళ్లు. మిగలకపోతే ఆవిరి, లేదా ఫ్రిజ్ నీళ్లు పోసిన ట్యాంకుకు వానాకాలంలో పట్టిన చెమట.

అయితే మొత్తం ఆర్ఓ నీళ్లే పోస్తే పోలేదా అంటారు. గార తగ్గుతుంది, నిజమే. కానీ ఉప్పులు బొత్తిగా లేని నీళ్లు లోహాన్ని కొరుకుతాయి, కాఫీ చప్పగా దిగుతుంది. పెద్ద మెషీన్ల బాయిలర్లలో నీటి మట్టాన్ని కనిపెట్టే లోహపు పుల్ల ఒకటి ఉంటుంది. నీళ్లలోంచి కరెంటు పారితేనే దానికి నీళ్లు ఉన్నట్టు తెలుస్తుంది. ఉప్పుల్లేని నీళ్లు దానికి కనబడవు. పంపు తోడుతూనే ఉంటుంది, బాయిలర్ పొంగి పైవాల్వు నుంచి కారుతుంది. లీకు పేరుతో గాస్కెట్లన్నీ మార్చినా ఇది ఆగదు. నా మట్టుకు కలుపుడు నీళ్లే మేలు. 400 కాఠిన్యం ఉన్న, వడపోసిన నీళ్లు ఒక పాలుకు ఆర్ఓ నీళ్లు ఏడు పాళ్లు కలిపితే కాఠిన్యం 50 దగ్గరకు వస్తుంది. కాఫీకీ మెషీన్‌కూ రెండిటికీ సరిపడే అంకె. టీడీఎస్ మీటరును మాత్రం పూర్తిగా నమ్మొద్దు. అది చూపేది మొత్తం ఉప్పుల్ని. అందులో గార కట్టేది ఎంతో అది చెప్పదు. కాఠిన్యం కొలిచే చుక్కల కిట్టు వేరే ఉంటుంది.

పట్టిన గార తీయడానికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరు గోరువెచ్చటి నీళ్లకు 20 గ్రాములు చాలు. కంపెనీ తన మందే వాడమని రాసి ఉంటే అదే వాడండి. అల్యూమినియం బాయిలర్లలో పావుగంటకు మించి నానబెట్టొద్దు. వెనిగర్ చవకే గానీ వాసన వారం పాటు వదలదు. ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది: బాగా గార పట్టిన మెషీన్ శుభ్రం చేసిన మర్నాడే కారడం మొదలుపెట్టవచ్చు. నిమ్మ ఉప్పు చిల్లు పొడవలేదు. ఇన్నాళ్లూ చిల్లును పూడ్చి ఉంచిన సున్నాన్ని తీసేసింది, అంతే. లేదా ఊడిన పెచ్చు సోలినాయిడ్‌లో ఇరుక్కుంది. అందుకే గార ముదరకముందే, రెండు మూడు నెలలకోసారి తీసుకోవడం తేలిక.

గాస్కెట్ మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పని. ఎప్పుడు మార్చాలో పిడే చెబుతుంది. కొత్తలో అది ఎడమ నుంచి తిరిగి మధ్యకు రాకముందే బిగుస్తుంది. రబ్బరు అరిగేకొద్దీ మధ్యకు, ఆపైన మధ్య దాటి కుడికి పోతుంది. కుడికి పోయినా కారుతోందంటే ఇంకా బలంగా తిప్పి లాభం లేదు. మెషీన్ చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, మధ్యలో ఉండే జల్లెడ బిళ్ల స్క్రూ విప్పండి. పాత రబ్బరు గోరు దించితే దిగదు, బండబారి ఉంటుంది. లోహాన్ని గీరకుండా రబ్బరులోకే రెండు చిన్న స్క్రూలు ఎదురెదురుగా దించి, వాటిని కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే ముక్కలు కాకుండా ఊడొస్తుంది. వెనక గాడిలో నల్లటి కాఫీ జిడ్డు గట్టిగా పేరుకుని ఉంటుంది. చాలామంది దీన్ని వదిలేసి కొత్త రబ్బరు పెడతారు. కొత్తది సమంగా కూర్చోక రెండో రోజే కారుతుంది. పుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో లోహం మెరిసేదాకా తీయండి. కొత్త గాస్కెట్‌కు ఒక అంచు వాలుగా కోసి ఉంటే చాలా మెషీన్లలో ఆ అంచు పైకి, చదును వైపు కిందికి రావాలి. రోజూ కాఫీ అయిపోగానే పిడి బిగించి వదిలేయకుండా విప్పి ఉంచితే రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది.

లోపలి రింగుల కోసమైతే పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పారిశ్రామిక సామాన్ల కొట్లు బోలెడు. లోపలి వ్యాసం, తీగ మందం మిల్లీమీటర్లలో చెప్పి, ఈపీడీఎం అని అడగాలి. రంగు నలుపే కదా అని చేతికొచ్చింది తేవద్దు. నూనె పంపులకు వాడే నైట్రైల్ రబ్బరు కూడా నల్లగానే ఉంటుంది, ఆవిరికి మాత్రం తొందరగా బండబారుతుంది. మర ఉన్న కీళ్లకు తెల్ల టేపు చుట్టొచ్చు. ఓ-రింగు ఉన్న కీలుకు టేపు చుట్టితే రింగు కూర్చోదు. ఎం-సీల్‌తో బకెట్లు, పైపులు, సంపులు అన్నీ అతికించిన జాతి మనది. బాయిలర్ మాత్రం రోజూ ఉబ్బి తగ్గే లోహం. దాని మీద అతుకు పగులుతుంది, పగిలిన ముక్కలు తాగే నీళ్లలో కలుస్తాయి.

శంషాబాద్‌కు ప్రత్యేకమైన కేసు మరొకటి ఉంది: అమెరికా నుంచి సూట్‌కేసులో దిగే మెషీన్. డల్లస్‌లోనో చికాగోలోనో వాడుకున్నదాన్ని అమ్మానాన్నల కోసమో, తిరిగొచ్చేస్తూనో తెస్తారు. జనవరి చలిలో, బాయిలర్‌లో నీళ్లుండగానే మూటకట్టిన మెషీన్ గడ్డకట్టే చోట ఒక రాత్రి ఉంటే చాలు. నీళ్లు మంచుగా మారితే తొమ్మిది శాతం ఉబ్బుతాయి. ప్లాస్టిక్ కీళ్లు, పంపు మూతి చిట్లిపోతాయి. ఆ మెషీన్ ఇక్కడ మొదటి కప్పుకే కారితే నింద శంషాబాద్ నీళ్ల మీద పడుతుంది. బయల్దేరే ముందు ట్యాంకు ఒంపేసి, పంపు గాలి పీల్చేదాకా కొన్ని సెకన్లు నడిపి, ఆవిరి గొట్టం తెరిచి ఖాళీ చేయాలి.

దిగాక వచ్చేది కరెంటు సమస్య. 120 వోల్టుల మెషీన్‌ను 230లో నేరుగా పెడితే హీటరు మూడున్నర రెట్లకు మించి శక్తి లాగి క్షణాల్లో మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి దిగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ దిగదు. అక్కడి పంపు సెకనుకు 60 దెబ్బలకు తయారైంది, ఇక్కడ 50 కొడుతుంది; కాయిల్‌లో కరెంటు ఎక్కువ పారి అది ఎక్కువ వేడెక్కుతుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాసిన పంపు విడిగా దొరుకుతుంది. అయినా హీటరు, సోలినాయిడ్ కూడా మార్చాలి కాబట్టి, విమానంలో తేవడం కంటే అక్కడ అమ్మేసి ఇక్కడ కొనుక్కోవడమే తెలివైన పని.

కారే నీళ్లను మాపుగుడ్డతో తుడిచి రోజులు వెళ్లదీసేవాళ్లు ఒక సంగతి ఆలోచించాలి. అదే రేకు పళ్లెంలో 230 వోల్టుల వైర్లు ఉన్నాయి. మూడో పిన్ను లేని సాకెట్‌లో ఈ మెషీన్ పెట్టొద్దు. ఇంట్లో, కరెంటు దారి తప్పి కారితే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి, మెషీన్ ఆన్ చేస్తే అది ట్రిప్ అవుతుంటే, దాన్ని తీసేయమని ఎలక్ట్రీషియన్‌ను బతిమాలొద్దు. ఎక్కడో తడి తగిలింది, లేదా గార కింద హీటరు తొడుగుకు సూదిమొన రంధ్రం పడి కరెంటు నీళ్లలోకి కారుతోంది. అలాంటి హీటరు మార్చాల్సిందే, అతుకు లేదు. ప్లగ్గు తీసి రిపేరుకు ఇచ్చేటప్పుడు, ట్రిప్ ఎప్పుడు అవుతోందో చెప్పండి: ఆన్ చేయగానేనా, నాలుగైదు నిమిషాలు వేడెక్కాకా, కాఫీ బటన్ నొక్కినప్పుడా. మూడోదైతే ముందు పంపు వైర్ల దగ్గర తడి వెతుకుతారు. రెండోదైతే హీటరు విప్పుతారు.